పందొమ్మిది రాత్రుల బొమ్మ, పది నిమిషాల్లో డబ్బాలోకి

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 51. ఆఫీసు ఉద్యోగం. భర్త కాలేజీ లెక్చరర్. ఒక్కడే కొడుకు, ఇంజినీరింగ్ కోసం నిరుడు వేరే ఊరు వెళ్లాడు. ఇంట్లో ఇప్పుడు వీళ్లిద్దరూ, 78 ఏళ్ల అత్తగారూ. కొడుకు వెళ్లినప్పటి నుంచి ఈవిడకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఫోన్ పట్టుకుంటే ఒంటిగంట దాకా రీల్సే. తెల్లారాక కళ్లు మంట, తల బరువు. ఆ సంగతి విని కొడుకే పుట్టినరోజుకి ఒక జిగ్సా పజిల్ పంపాడు. వెయ్యి ముక్కలు. అన్నీ కలిపితే ఒక బొమ్మ: సముద్రం, లైట్‌హౌస్, పైన బోలెడంత ఆకాశం.

ఆవిడకు ఇది కొత్త ఆట కాదు. కాజీపేట రైల్వేలో పనిచేసిన వాళ్ల నాన్న 1983లో మద్రాసు నుంచి చెక్కతో చేసిన భారతదేశ పటం తెచ్చారట. ఒక్కో రాష్ట్రం ఒక్కో ముక్క. కేరళ ముక్క ఎక్కడో పోతే, ఎవరిదో శుభలేఖ అట్ట కత్తిరించి కేరళ చేసి పెట్టారట. పదో తరగతి తర్వాత ఆ పటం ముట్టుకోలేదు. నాన్న పోయి ఆరేళ్లయింది. పటం ఇంకా అటక మీదే ఉంది.

కొడుకు పంపిన పజిల్‌ను డైనింగ్ టేబుల్ మీద పరిచారు. ఇంటి పనులన్నీ అయ్యాక, అందరూ పడుకున్నాక, రాత్రి పదకొండున్నర నుంచి ఒంటిగంటన్నర దాకా. పందొమ్మిది రాత్రులు. అంచులు, లైట్‌హౌస్, సముద్రం పూర్తయ్యాయి, ఆకాశం సగానికి వచ్చింది. ఒక ఆదివారం పొద్దున కూరగాయలకని బయటికెళ్లి వచ్చేసరికి టేబుల్ ఖాళీ. ఆడబిడ్డ వాళ్లు కూతురి పెళ్లి మాటలకని భోజనానికి వస్తున్నారట. అత్తగారు మొత్తం ఊడ్చి చెగోడీల డబ్బాలో పోశారు. ఈవిడ ఏడ్చారు. "గీ అట్టముక్కలకేనా ఇంత లొల్లి" అని ఆవిడ అంటే, "మీకేం తెలుసు, మీ బతుకంతా వంటింట్లోనే అయిపాయె" అనేశారు. రెండు రోజులు మాటల్లేవు. భర్త "చిన్నపిల్లలా ఏంటిది, ట్యాబ్‌లో ఆడుకో, అందులో ముక్కలు పోవు" అన్నారు. "నేను ఇది మానేయాలా? ఇది నాకు వ్యసనమైందా? ఈ వయసులో ఇదేం పిచ్చి అంటే ఏం చెప్పాలి?" అని అడిగారు. కింద ఒక వాక్యం: "డబ్బా మీద వెయ్యి అని ఉంది. లెక్కపెడితే 1024 వచ్చాయి. ఇంకేవో ముక్కలు కలిశాయా?"

*

ముందు ఆ చివరి వాక్యం సంగతి చూద్దాం, ఎందుకంటే దానికి జవాబు తేలిక. ఇంకేవీ కలవలేదు. వెయ్యి ముక్కలవని అమ్మే పజిళ్లలో చాలావాటిలో సరిగ్గా వెయ్యి ఉండవు. ముక్కలు నిలువు వరసలు, అడ్డం వరసలుగా కోస్తారు కాబట్టి ఒకవైపు 38, ఇంకోవైపు 27 పెట్టడం బాగా వాడుకలో ఉన్న లెక్క. గుణిస్తే 1026. మీ పజిల్ అదే లెక్కదైతే ఎక్కువ రాలేదు, రెండు పోయాయి. అంచు ముక్కలు లెక్కపెట్టండి. నాలుగు మూలలతో కలిపి 126 ఉండాలి. ఎన్ని తక్కువొస్తే పోయినవాటిలో అన్ని అంచువి, సరిపోతే రెండూ లోపలివి. సోఫా మడతలు, కుర్చీ మెత్తల కిందా, చీపురులోనూ వెతకండి. చీపురు పుల్లల మధ్య ఇరుక్కున్న ముక్కను నేనే ఒకసారి నాలుగు రోజుల తర్వాత చూశాను.

ఇక అసలు విషయం. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అత్తగారి గురించి దాదాపు రెండు పేజీలున్నాయి. మీవారి గురించి నాలుగు లైన్లు. అందులో ఒక లైను మీరు ఊరికే రాసి వదిలేశారు: "ముందురోజు సాయంత్రమే ఆయనకు ఫోన్ వచ్చిందట." అంటే ఆదివారం మధ్యాహ్నానికి ఆరుగురు భోజనానికి వస్తారని శనివారం సాయంత్రమే ఆయనకు తెలుసు. మీకు చెప్పలేదు. వాళ్లమ్మకు పొద్దున ఎనిమిదింటికి చెప్పారు. ఆవిడ చేతిలో ఉన్నది మూడు గంటలు, వండాల్సింది ఆరుగురికి, టేబుల్ మీద పరిచి ఉన్నది సముద్రం. ఆవిడ చేసింది తప్పు కాదని అనను, ఒక్క మాట ఫోన్ చేసి అడగొచ్చు. కానీ ముందు చెప్పి ఉంటే మీరే శనివారం రాత్రి దాన్ని జాగ్రత్తగా జరిపేవారు. చెప్పాల్సిన మనిషి చెప్పలేదు. గొడవ ఇద్దరు ఆడవాళ్ల మధ్య జరిగింది, మధ్యలో ఆయన ట్యాబ్ సలహా ఇచ్చి పక్కకు తప్పుకున్నారు. ఇది ఆయనతో మాట్లాడాల్సిన విషయం. కోపంగా కాదు, మామూలుగానే: "ఇంటికి ఎవరొస్తున్నా ముందు నాకు చెప్పండి." పజిల్ ఉన్నా లేకపోయినా ఇది అవసరమైన మాటే.

అత్తగారితో మీరన్న మాట వేరు. "మీ బతుకంతా వంటింట్లోనే" అన్నది పజిల్ గురించి కాదు. అది ఆవిడ జీవితం మీద తీర్పు. ఆవిడ రెండు రోజులు మాట్లాడనిది డబ్బా గురించి అనుకోకండి. ఆ మాటకు క్షమాపణ చెప్పేయండి. ఆ మాటకు మాత్రమే. "అత్తమ్మా, ఆ మాట అనకూడదు, అన్నా" అని ఆపేయండి. దాని వెనక "కానీ మీరు కూడా" అని తగిలిస్తే మొదటికే మోసం. పజిల్‌కు క్షమాపణ అక్కర్లేదు, మీరు దానికి చెప్పేస్తే రేపటి నుంచి దాన్ని దొంగసొత్తులా దాచుకోవాల్సి వస్తుంది.

అత్తగారి గురించి ఇంకోటి కూడా రాశారు. కార్తీకానికని మూడు నెలల ముందు నుంచే వత్తులు చేస్తారు, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా అదే పని, పలకరిస్తే లెక్క తప్పుతుందని విసుక్కుంటారు. చదివి నవ్వుకున్నాను. మీరు రాత్రి పదకొండున్నరకు చేస్తున్నదీ ఇదే కదా. ఒకచోట కూర్చుని, చేతులకు పని చెప్పి, తలను కాసేపు ఊరుకోబెట్టడం. తేడా ఏమిటంటే వత్తికి దేవుడి పేరుంది కాబట్టి ఎవరూ అడగరు. మన ఇళ్లలో ఆడవాళ్ల చేతులు ఊరికే ఉండకూడదు. ఏం చేసినా చివరకు ఒక వస్తువు కావాలి. అల్లితే స్వెటర్, కుడితే గలీబు, ఆరబెడితే అప్పడం. పజిల్ చేస్తే చివరకు ఏముంది, మళ్లీ విడగొట్టి డబ్బాలో పోయడమే కదా అంటారు. సరే, మరి ముగ్గు? సంక్రాంతికి చుక్కలు లెక్కపెట్టి, నడుం విరిగేలా వంగి రెండు గంటలు వేసిన రథం ముగ్గును మర్నాడు చీపురుతో ఊడ్చేస్తాం. ఎవరూ "ఎందుకొచ్చిన దండగ" అనరు. బొమ్మల కొలువు పెట్టి తొమ్మిది రోజులకు గుడ్డల్లో చుట్టి పెట్టెలో పెడతాం. "ఈ వయసులో ఇదేం పిచ్చి" అన్నవాళ్లకు మీరేం చెప్పాలని అడిగారు. వాదన పెట్టుకోవద్దు గానీ, మరీ అడిగితే ముగ్గు సంగతి అడగండి.

"చిన్నపిల్లల ఆట" అన్నారు మీవారు. నిజానికి పుట్టుక చూస్తే ఆయన మాటలో తప్పు లేదు. లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే పటాలు చెక్కే ఆయన 1760లలో దేశపటాన్ని చెక్క పలకకు అతికించి, సరిహద్దుల వెంబడి కోసి, పిల్లలకు భూగోళం నేర్పడానికి అమ్మాడు. మీ నాన్నగారు మద్రాసులో కొన్నది ఆ వస్తువునే, రెండు వందల ఏళ్ల తర్వాత. పెద్దవాళ్లు దాన్ని లాక్కున్నది తర్వాత. 1930లలో అమెరికాలో ఉద్యోగాలు ఊడిపోయి జనం ఇళ్లలో కూర్చున్న రోజుల్లో అట్టతో చేసిన చవక పజిళ్లు పత్రికల్లా వారంవారం దుకాణాల్లో అమ్మేవారు. లైబ్రరీలు అద్దెకిచ్చేవి. 1933 మొదట్లో వారానికి కోటి దాకా అమ్ముడయ్యాయని చెబుతారు. 2020 లాక్‌డౌన్‌లో మళ్లీ అదే జరిగింది, చాలా దేశాల్లో దుకాణాల్లో సరుకు దొరకలేదు. చేతిలో ఏదీ లేని కాలంలో, ఎక్కడో ఒకచోట ఒక ముక్క సరిగ్గా కూర్చుంటుందన్న భరోసా మనిషికి కావాలనిపిస్తుందేమో. కొడుకు హాస్టల్‌కు వెళ్లిన ఇల్లు మరీ అంత కరువు కాలం కాదు గానీ, ఎనిమిదింటికి అన్నం వడ్డించేటప్పుడు ఒక కంచం తక్కువ పెట్టడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

(స్పెయిన్‌లోని వయాదొలిద్‌లో 2019 నుంచి దీనికి ప్రపంచ పోటీలు కూడా జరుగుతున్నాయి. ఒక్కొక్కరికీ 500 ముక్కలిస్తారు, మేటి ఆటగాళ్లు నలభై నిమిషాల లోపే పూర్తి చేస్తారు. ఈ సంగతి మీవారికి చెప్పకండి, స్టాప్‌వాచ్ పట్టుకుని పక్కన నిలబడతారు.)

ఒక వాదన మాత్రం వాడొద్దని నా మనవి. "పజిల్ చేస్తే మతిమరుపు రాదట" అని అత్తగారికి చెప్పానని రాశారు. జర్మనీలోని ఉల్మ్ యూనివర్సిటీ వాళ్లు 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. యాభై దాటిన ఆరోగ్యవంతులతో నెల రోజులు, రోజుకు కనీసం గంట పజిళ్లు చేయించారు. పజిల్ చేసేటప్పుడు మెదడు చాలా రకాల పనులు చేస్తుందని తేలింది గానీ, ఆ నెలకు చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించలేదు. ఏళ్ల తరబడి చేసేవాళ్ల సంగతి వేరే ప్రశ్న. మందులా చెప్పి చేస్తే రేపు తాళంచెవి ఎక్కడో మర్చిపోయిన రోజున "ఏదీ నీ పజిల్" అంటారు. మీకు బాగుంది, అంతే చాలు.

వ్యసనమా అన్నారు. మీ ఉత్తరంలోనే జవాబుంది. మధ్యలో మేడారం వెళ్లొచ్చిన రెండు రోజులూ పజిల్ గుర్తే రాలేదన్నారు. వ్యసనమైతే జంపన్న వాగు దగ్గర కూడా ఆకాశం ముక్కలే కనిపించేవి. నాకు కంగారు పుట్టించింది ఆట కాదు, ఆ టైమ్. రాత్రి పదకొండున్నర ఎందుకు? పనులన్నీ అయ్యాకే, ఎవరూ చూడనప్పుడే కూర్చోవాలని మీకు మీరే పెట్టుకున్న రూలు అది. తొమ్మిదింటికి టీవీలో చర్చ పెట్టుకుని మీవారు సోఫాలో కూర్చుంటారని రాశారు. ఆయన ఏ పని మిగిలిందో చూసుకుని కూర్చోవడం లేదు కదా. మీరు నిద్రలోంచి రెండు గంటలు దొంగిలించి ఆడుతున్నారు, అందుకే మెడనొప్పి, అందుకే ఆఫీసులో రెండుసార్లు అంకెలు తప్పడం, అందుకే అది చెదిరిపోతే అంత ఏడుపు. రీల్స్ పోయాయి, మంచిదే. ఒంటిగంటన్నర మాత్రం అలాగే ఉంది.

ఇక ఏం చేయొచ్చు అంటే, నాకు కొన్ని దార్లు కనిపిస్తున్నాయి. ఏది ఎంచుకున్నా కొంత పోతుంది.

డైనింగ్ టేబుల్ మీదే ఉంచాలనుకుంటే ఉంచండి. ఆ పందొమ్మిది రోజులూ మీ ముగ్గురూ ఎక్కడ తిన్నారో మీరు రాయలేదు, హాల్లో టీవీ ముందేనని నా ఊహ. ఇల్లు నలుగురిదీ. మూడు వారాలు టేబుల్ ఒక్కరిదైతే మంచి మనిషికైనా విసుగొస్తుంది. "ఈ నెల పదిహేనో తారీఖు దాకా" అని ముందే చెప్పి పెడితే కొంత నయం. గడువు పెట్టుకుంటే మాత్రం ఆకాశం దగ్గర టెన్షన్ మొదలవుతుంది, విశ్రాంతి కోసం మొదలుపెట్టినది ఇంకో ఆఫీసు ఫైలు అవుతుంది.

నన్నడిగితే కార్పెంటర్‌ని పిలవండి. మీ బొమ్మ పూర్తయితే సుమారు 70 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు ఉంటుంది. మూడడుగులకు రెండున్నర అడుగుల పల్చటి ప్లైవుడ్ ముక్క, చుట్టూ అర అంగుళం ఎత్తున బీడింగ్ (సన్నటి చెక్క పట్టీ), పైన మందపాటి నూలుగుడ్డ అతికిస్తే ముక్కలు జారవు. విడి ముక్కలకు మిఠాయి డబ్బాల మూతలు చాలు. ఆకాశం ముక్కల్ని రంగును బట్టి కాక ఆకారాన్ని బట్టి వేరు చేయండి. రెండు బొడిపెలు, రెండు గుంటలు ఎదురెదురుగా ఉన్నవి ఒక మూతలో, మూడు బొడిపెలవి ఒక మూతలో, అలా. ఒకే నీలంలో కళ్లు చేయలేని పని వేళ్లు చేస్తాయి. ఆట అయ్యాక పైన పాత దుప్పటి కప్పి పలకను మంచం కిందికి తోసేయొచ్చు. వానాకాలం అట్ట చెమ్మ పీల్చి ఉబ్బుతుంది, అప్పుడు నేల మీద కాకుండా రెండు ఇటుకల మీద పెట్టండి. దీంతో పోయేది ఏమిటంటే, ఎదురుగా కనిపించదు. వెళ్తూ వస్తూ ఒక ముక్క పెట్టే సరదా పోతుంది. రోజూ వంగి లాగాలి, మెడతోపాటు నడుం కూడా చూసుకోవాలి.

మెడ అంటే గుర్తొచ్చింది. మీరు వాడేది బైఫోకలా? దాని కింది భాగంలోంచి టేబుల్ మీది ముక్కలు చూడాలంటే తల వెనక్కి ఎత్తి, మళ్లీ ముందుకు వంగి చూడాలి. రెండు గంటలు అలా ఉంటే ఎవరికైనా నొప్పే. దగ్గర చూపుకు విడిగా ఒక జత అద్దాలు చేయించుకోవచ్చేమో కళ్ల డాక్టర్‌ని అడగండి. పలక వెనక రెండు పుస్తకాలు పెట్టి కొంచెం ఏటవాలుగా చేస్తే ఇంకా మంచిది. నిద్ర మాత్రం విడిగా చూపించుకోండి. ఈ వయసులో ఆడవాళ్లకు నిద్ర పట్టకపోవడానికి కొడుకు మీద బెంగ ఒక్కటే కారణం కాకపోవచ్చు.

ఐదు వందల ముక్కలకు దిగడం ఇంకో దారి. అది వెయ్యికి సగం పని అనుకుంటారు, చేసి చూస్తే సగం కూడా ఉండదు, వెతకాల్సిన కుప్పే చిన్నది కదా. నాలుగైదు రోజుల్లో అయిపోతుంది, టేబుల్ గొడవ దాదాపు ఉండదు. కానీ ఆ పందొమ్మిదో రాత్రి ఆకాశం కొంచెం కొంచెంగా కలుస్తున్నప్పుడు మీకు వచ్చిన హాయి ఇందులో రాకపోవచ్చు. కొందరికి వస్తుంది. చేసి చూడాలి.

ట్యాబ్ సలహాను నేను తీసిపారేయను. రైల్లో, ఆస్పత్రి బెంచీ మీద అది బాగానే పనికొస్తుంది. మీకు మాత్రం కష్టం, ఎందుకంటే మీరు పారిపోయి వచ్చింది ఆ వెలుగు నుంచే. పక్కనే రీల్స్ బొమ్మ ఉంటుంది, ఒక్క వేలు చాలు.

అత్తగారిని కలుపుకోవాలా? మీ కొడుకు అదే అన్నాడు, "నానమ్మను కూడా కూర్చోబెట్టు అమ్మా" అని. మంచి పిల్లాడు, కానీ ఆలోచించి చేయండి. వత్తులు చేసే వేళ్లు అంచు ముక్కలు ఏరడంలో మిమ్మల్ని మించిపోతాయి, అనుమానం లేదు. తను పెట్టిన ముక్కలున్న బొమ్మను ఆవిడ ఇక ఊడ్చరు. బదులుగా, "నన్నెవరూ పిలవని గంట అదొక్కటే" అని మీరు రాసిన ఆ గంట పోతుంది. ఆడబిడ్డ కూతురి సంబంధం సంగతులు, బీపీ మాత్ర, పాలవాడు, అన్నీ ఆ టేబుల్ దగ్గరికి వస్తాయి. రోజూ వద్దనుకుంటే ఆదివారం మధ్యాహ్నం వేరే పజిల్ పెట్టుకోండి. అటక మీది చెక్క పటం దించితే? దాంట్లో ఆంధ్రప్రదేశ్ ఇంకా ఒక్కటే ముక్క, మధ్యప్రదేశ్‌లో ఛత్తీస్‌గఢ్ కలిసే ఉంటుంది. ఆవిడ చిన్నప్పుడు ఏ రాష్ట్రంలో పుట్టారో అడగండి. 78 ఏళ్లంటే హైదరాబాద్ సంస్థానం రోజుల నుంచి మొదలుపెట్టి చెబుతారు, మధ్యాహ్నం గడిచిపోతుంది.

మానేయడం కూడా ఒక దారే, దాచను. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, కొన్నాళ్లు. రాత్రి పదకొండున్నరకు మీ చేతిలోకి ఏం వస్తుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఏ దారి పట్టినా టైమ్ ముందుకు జరపండి. తొమ్మిది నుంచి పది దాకా, లైట్లన్నీ వెలుగుతుండగా, మీవారు టీవీ చూస్తున్న హాల్లోనే. సింక్‌లో గిన్నెలుంటే ఉండనివ్వండి. మొదటి వారం మీకే ముళ్ల మీద కూర్చున్నట్టు ఉంటుంది, ఎవరో ఒకరు ఏదో అంటారు కూడా. పది కొట్టగానే ఆపడం కష్టమైతే ఒక చిట్కా ఉంది: ఎక్కడ పెట్టాలో తెలిసిపోయిన ముక్క ఒకటి చేతికి దొరకగానే దాన్ని పెట్టకుండా బీడింగ్ పక్కన ఉంచి లేవండి. మర్నాడు కూర్చోగానే మొదటి ముక్క సిద్ధం.

చెగోడీల డబ్బాలో పోసిన ముక్కలకు నూనె వాసన పట్టిందని బాధపడ్డారు. పాత న్యూస్‌పేపర్ మీద పరిచి ఫ్యాన్ కింద రెండు రోజులు ఉంచండి, చాలావరకు పోతుంది. తడిగుడ్డతో మాత్రం తుడవకండి, పైన అతికించిన బొమ్మ కాగితం లేస్తుంది.

ఆ రెండు ముక్కలూ దొరకకపోతే, మొత్తం పూర్తయ్యాక ఆ ఖాళీల కింద తెల్లకాగితం పెట్టి, సన్నగా చెక్కిన పెన్సిల్‌తో అంచు వెంబడి గీయండి. అదే మందం ఉన్న అట్ట కావాలి, ఒకటి చాలకపోతే రెండు కలిపి అతికించండి. గీత మీద కాకుండా గీతకు వెంట్రుకవాసి లోపలగా కోస్తే సరిగ్గా కూర్చుంటుంది. రంగు కోసం పజిల్ డబ్బా మూత మీది బొమ్మలో ఆ చోటు చూసి కలర్ పెన్సిల్ వాడండి. నీలం ముక్కలైతే పెద్దగా తెలియదు. అట్ట కోసం వెతకనక్కర్లేదు, మీ ఆడబిడ్డ కూతురి సంబంధం కుదిరితే ఇంట్లో శుభలేఖలకు కొదవేముంది.